అలిగిన మావ

మొన్న మాఘమాసంలో టెక్కలి దగ్గర ఒక ఫంక్షన్ హాలు గుమ్మంలో ఒక ఎలుగుబంటి నాకు నమస్కారం పెట్టింది. నలుపూ తెలుపూ బొచ్చు, గుమ్మడికాయంత తల, బొజ్జ మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతుళ్ళ ఫొటో అంటించిన అట్ట. వంగి నమస్కారం పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి ఫొటోకి నిలబడింది. దానితో సమానంగా నేనూ నాలుగు గంతులు వేశానని ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. వేయలేదు లెండి. ఈ మోకాళ్ళతో గంతులెక్కడ, చేతికర్ర పైకెత్తి ఒకసారి ఊపాను, అంతే.

భోజనం అయ్యాక చెయ్యి కడుక్కుందామని హాలు వెనక్కి వెళితే, జనరేటర్ పక్కన అదే ఎలుగుబంటి తల తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. లోపల నలభై దాటిన మనిషి, చెమటకి జుట్టంతా నుదుటికి అతుక్కుపోయి, మంచినీళ్ళ సీసా ఎత్తిపెట్టి తాగుతున్నాడు. సోంపేట పక్క ఊరట, విశాఖపట్నం ఈవెంట్ వాళ్ళు పెళ్ళిళ్ళకి పిలిపించుకుంటారట. పాత అలవాటు కొద్దీ, వచ్చినవాళ్ళతో ఏం మాటలు చెప్పి నవ్విస్తావు నాయనా అని అడిగాను. నా వంక వింతగా చూశాడు. "మాటాడకూడదు తాతా. తల తగిలించుకున్నాక నోరిప్పొద్దని సెప్పీసారు" అన్నాడు. నాకు తెలిసిన వేషగాడికి నోరే వేషం, మిగతా రంగూ మీసమూ అన్నీ పైపైవే.

తొంభైల చివర్లో కాశీబుగ్గలో నాకు షామియానాల సప్లై కొట్టు ఉండేది. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ పెళ్ళి జరిగినా నా గుడ్డ నీడలోనే జరగాలి, నా గుండిగల్లోనే అన్నం ఉడకాలి అని మనవలకు చెబుతూ ఉంటాను. అసలు సంగతి ఏమిటంటే నాకు ఉన్నవి మూడే షామియానాలు, అందులో ఒకదానికి నడిమధ్యన చిరుగు, ఆ చిరుగు కింద ఎప్పుడూ మగపెళ్ళివారిని కూర్చోబెట్టకుండా చూసుకోవడమే నా వ్యాపార రహస్యం. అయినా ఆ రోజులు వేరు. జీడిపిక్కలు కాల్చే పొగ వాసన ఊరంతా అలుముకుని ఉండేది, పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు నల్లగా మాడి ఉండేవి, వాళ్ళు పెళ్ళికి వచ్చి గోరింటాకు పెట్టుకున్నా ఆ నలుపు కింద ఎరుపు కనపడేది కాదు. పెళ్ళంటే మూడు రోజులు పనులు మాని వచ్చేవారు. అంతమంది చుట్టాలు అన్ని రోజులు ఒకచోట ఉంటే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఎవరో ఒకరు అలుగుతారు.

మా పక్క అలకంటే అల్లాటప్పా వ్యవహారం కాదు. బస్సు దిగినప్పుడు ఎదురురాలేదని ఒకరు, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఇచ్చినవాడు చిన్నవాడని ఒకరు, పనసకాయ కూరలో తన విస్తట్లో ముక్క పడలేదని ఒకరు. అలిగినవాడు కోపంగా ఇంటికి పోడు, అదే గొప్పతనం. అందరికీ కనపడేలా ఒక వారకి వెళ్ళి వీపు తిప్పి కూర్చుంటాడు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి బతిమాలాలి. ముహూర్తం దాటిపోతున్నా బతిమాలుడు ఆగకూడదు. పెళ్ళికూతురి మేనమావ గనక అలిగాడంటే ఇక చెప్పేది లేదు, ఎందుకంటే వెదురు గంపలో కూర్చోబెట్టి పిల్లని పందిట్లోకి మోసుకురావలసింది ఆయనే.

ఇక్కడ మా బావమరిది సంగతి చెప్పాలి. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. కంచిలి అవతల ఉద్దానంలో కాసింత కొబ్బరితోట, కాసింత జీడితోట, వాటిలో పని లేని రోజుల్లో నా దగ్గరకు వచ్చి పందిరి గుంజలు పాతడం. సన్నటి మనిషి, నిలబడితే గాలికి ఊగేవాడు. ఒక పెళ్ళిలో నిజం మేనమావ ఒకాయన అలిగి పాకలో కూర్చున్నాడు, పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు, బతిమాలి బతిమాలి అందరి గొంతులూ ఎండిపోయాయి. మా బావమరిది గుంజ పాతుతున్నవాడు పాతుతూనే పలుగు పక్కన పడేసి, తలకు నా తాడుచుట్ట తలపాగాలా పెట్టుకుని, ఆ పెద్దాయన పక్కనే అచ్చం ఆయనలాగే వీపు తిప్పి కూర్చున్నాడు. ఎవరు బతిమాలడానికి వచ్చినా ఆయనకంటే ముందు ఇతనే మూతి విరుస్తున్నాడు. ముందు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, తర్వాత మగవాళ్ళు నవ్వారు, చివరికి ఆ పెద్దాయనే పక్కకు తిరిగి చూసి, పొట్ట పట్టుకుని నవ్వి లేచి గంప ఎత్తాడు. ఈ ఆలోచన నాదేనని చాలాకాలం చెప్పుకున్నాను. నాది కాదు. ఆ సమయానికి నేను గుంజలు వంకరగా పాతాడని అతన్ని తిట్టడానికి వస్తున్నాను.

ఆ తర్వాతి సీజను నుంచి జనం షామియానా కోసం వచ్చి, మీ అలిగిన మావని కూడా పంపుతావా అని అడగడం మొదలుపెట్టారు. అలా అతను వేషం కట్టాడు. మోచేతుల దాకా వచ్చే నల్ల కోటు, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన పంచె, ఒక పక్క పెద్దది ఒక పక్క చిన్నది మీసం, గుడ్డ ఊడిపోయి ఊచలు మాత్రమే మిగిలిన గొడుగు. కాళ్ళకు ఎవరివో పాత బూట్లు, అతని పాదాలకు ఎంత పెద్దవంటే ముందు భాగంలో కొబ్బరిపీచు గుప్పెళ్ళు గుప్పెళ్ళు కూరితే తప్ప నిలిచేవి కావు. నడుస్తుంటే కిర్రు కిర్రుమనేవి. భోజనాల వేళ ఆ కిర్రు వినబడగానే పంక్తిలో వాళ్ళు తలలు ఎత్తేవారు.

పంక్తుల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి ముందు ఆగి, నన్ను పోల్చుకున్నావా అని నిలదీసేవాడు. పోల్చుకోలేదంటే, మీ తాతని నేనే భుజాన మోసి పెంచాను, ఇప్పుడు పోలిక లేకపోయిందా అనేవాడు, తీరా చూస్తే ఆ తాతకు మనవడి ఈడైనా లేనివాడు. వంకాయ కూరలో తనకు తొడిమలే వచ్చాయని ఒక తొడిమ తెచ్చి అందరికీ చూపించేవాడు. చివరికి సరిగ్గా నడిచే దారి మధ్యలో కూలబడి, వీపు తిప్పి, ఊచల గొడుగు తల మీద పట్టుకునేవాడు. ఇక బతిమాలడం వచ్చినవాళ్ళ వంతు. ఒక లడ్డు ఇస్తే ఇద్దరు లడ్లు కావాలనేవాడు, లడ్డుని కూడా మనిషిలాగే లెక్కపెట్టేవాడు.

చూసేవాళ్ళకు అది ఆట. కానీ దాని వెనక ఎంత పని ఉండేదో నాకు తెలుసు. ముందురోజే వెళ్ళి వంటింటి అరుగు మీద ఆడవాళ్ళతో కూర్చునేవాడు. ఎవరికెవరికి పడదు, పోయినసారి ఎవరు ఎందుకు అలిగారు, ఈసారి దేనికి అలిగే అవకాశం ఉంది, అన్నీ మెల్లగా రాబట్టేవాడు. మర్నాడు ఆ ఫిర్యాదులన్నీ తన నోట్లో పెట్టుకునేవాడు. తన ఇంటికి పంపిన సారె కావిడి చిన్నదిగా వచ్చిందని అలగబోయే పినతండ్రి కంటే ముందే, నాకు కావిడి చిన్నదొచ్చిందని వీడు గోల చేసేవాడు. ఆ మాట ఒకసారి నవ్వులపాలయ్యాక, ఇక ఆ పినతండ్రి ఏ మొహంతో అంటాడు? పెళ్ళి అయ్యేదాకా బుద్ధిమంతుడిలా కూర్చునేవాడు. అందుకే పెళ్ళికూతురి తండ్రులు షామియానా కంటే ముందు మావని ఖాయం చేసుకునేవారు.

అతనికి జోడీగా డొంకూరు నుంచి ఒక జాలరి వచ్చేవాడు. వలలు లాగి లాగి చేతులు చెక్కల్లా ఉండేవి. అతనిది మావ పెళ్ళాం వేషం, మేం అత్త అనేవాళ్ళం. ఎర్ర చీర, బుగ్గలకు కుంకుమ, జబ్బల మీద కండలు. సగం తెలుగు, సగం ఒరియాలో మొగుణ్ణి తిడుతూ, మధ్యలో ఏ భాషలోనూ లేని మాటలు కలిపి తిడుతూ వెనకాలే తిరిగేవాడు. వీళ్ళిద్దరి పేరూ బరంపురం దాకా పాకిందని నేను అంటే, మా ఆవిడ ఇప్పటికీ నా వంక చూస్తుంది. బరంపురం వెళ్ళింది నిజమే, షామియానా చిరుగుకి అతుకు గుడ్డ కొనడానికి ముగ్గురం కలిసి వెళ్ళాం.

ఒక్క నియమం మాత్రం మా బావమరిది ఎప్పుడూ తప్పలేదు. సొంత చుట్టాల ఇళ్ళలో వేషం కట్టేవాడు కాదు. అక్కడ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెద్దమనిషిలా కుర్చీలో కూర్చునేవాడు. అక్కడ నాకు నిజంగానే మర్యాద ఉంది, దాన్ని నేనే ఎందుకు నవ్వులాట చేసుకోవాలి అని అతని వాదన. నా కూతురు చిన్నప్పటి నుంచీ, నీ పెళ్ళికి మాత్రం ఒక్కణ్ణే గంప ఎత్తుతాను, ఎవణ్ణీ చెయ్యి వేయనివ్వను అని దానితో అంటూ ఉండేవాడు. అది బొద్దుగా ఉండేది. అయితే బేగి ఎత్తీ మావా, రోజు రోజుకీ బరువైపోతన్నాను అని అది నవ్వేది.

రెండువేల సంవత్సరం దాటాక దానికి సంబంధం కుదిరింది. రావివలస వాళ్ళు. కుర్రాడు మంచివాడు, కాబోయే వియ్యంకుడు తక్కువ మాటల మనిషి. పిల్ల అన్నివిధాలా నచ్చిందన్నారు గానీ, వాళ్ళ వైపు పెద్దవాళ్ళు ఒక్క విషయం మాత్రం తిప్పి తిప్పి అడిగారు. పిల్ల తల్లిది ఉద్దానం కదా, అక్కడి నీళ్ళు తాగి పెరిగిన మనుషులు కదా, వాళ్ళ పుట్టింట్లో ఆ కిడ్నీ జబ్బు ఎవరికైనా ఉందా అని. ఆ రోజుల్లో అది ఎందుకు వస్తోందో ఎవరికీ తెలియదు. నీళ్ళ వల్ల అనేవారు కొందరు, రక్తంలోనే ఉందనేవారు కొందరు. తెలియనిదానికి భయం ఎక్కువ. ఆ ఊళ్ళ పేర్లు చెబితేనే లేచిపోయిన సంబంధాలు నాకు తెలుసు. మా అత్తవారింట్లో అప్పటికి ఎవరికీ లేదు. లేదని ధైర్యంగా చెప్పాను. అప్పుడు అది నిజమే.

తాంబూలాలు పుచ్చుకున్నాక, ముహూర్తానికి ముందు కొబ్బరి దింపులు నడుస్తున్న రోజుల్లో, మా బావమరిది తోటలో కళ్ళు తిరిగి పడ్డాడు. పలాసలో పరీక్ష చేసినవాళ్ళు విశాఖపట్నం పంపారు. నేనే వెంట వెళ్ళాను. అక్కడ డాక్టరు చెప్పినదాంట్లో నాకు సగం అర్థం కాలేదు, మిగతా సగం అర్థం కాకపోతే బాగుండేది. తిరుగు రైల్లో అతను కిటికీ పక్కన కూర్చున్నాడు. దార్లో వేరుశనక్కాయలు కొన్నాను. ఉప్పు తినకూడదన్నారు కదా బావా అని పొట్లం నా చేతిలోనే పెట్టేశాడు. పలాస దగ్గర పడుతుండగా నా వైపు తిరిగాడు.

"పెళ్ళయ్యేదాకా నాకేటీ నేదు బావా. గుంట కాపరానికి ఎల్లిపోయినాక నీకు నచ్చినట్టు సెప్పుకో."

మా ఆవిడకు మాత్రం చెప్పాను. జోడీ జాలరికి అతనే చెప్పుకున్నాడు. నలుగురి మధ్యే ఉండిపోయింది. కానీ రోజులు గడిచేకొద్దీ దాచడం మాటలతో పని కాకుండా పోయింది. మొహం ఉబ్బుతోంది, పాదాలు ఉబ్బుతున్నాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. గంప ఎత్తడం ఎలా? మేనమావ ఉండగా ఇంకొకరు ఎత్తితే మగపెళ్ళివారు ఊరుకోరు, ఏమైంది మీ బావమరిదికి అని అడుగుతారు. అడిగితే చూస్తారు. చూస్తే తెలుస్తుంది. అసలు రాకుండా ఉంటాను, ఊళ్ళో లేనని చెప్పండి అన్నాడు అతను. మేనమావ లేని పెళ్ళి ఇంకా అనుమానం. నడుం పట్టేసిందని చెబుదామన్నాను నేను. ఆ మాట విని మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఏదీ తేలకుండానే పెళ్ళిరోజు వచ్చేసింది.

పెళ్ళి కాశీబుగ్గలోనే, మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో, నా మూడు షామియానాలూ వేసి. చిరుగు కింద నేనే నిలబడ్డాను. పగటి ముహూర్తం. పొద్దున్నే వీధి అరుగు మెట్ల మీద కొబ్బరిపీచు చెల్లాచెదురుగా పడి ఉంటే, గుండిగలు తోమడానికి తెచ్చి ఎవరు ఇలా పారేశారని వంటవాళ్ళ మీద కేకలేశాను. వాళ్ళు మాకు తెలియదన్నారు. కాలితో ఒక పక్కకు తోసి నా పనిలో పడ్డాను.

పిల్ల గంపలో కూర్చుంది. కింద వడ్లు, చేతిలో కొబ్బరిబొండం, తలకి బాసికం. పురోహితుడు మేనమావని పిలవమన్నాడు. రెండోసారి కూడా పిలిచాడు. మగపెళ్ళివారు మెడలు సాచి చూస్తున్నారు. అప్పుడు వీధి వైపు నుంచి నవ్వులు మొదలయ్యాయి. తిరిగి చూద్దును కదా, మా బావమరిది. నల్ల కోటు, ఎగుడుదిగుడు మీసం, ఊచల గొడుగు. మొహమంతా తెల్లగా రంగు పూసుకున్నాడు, ఆ రంగు కింద ఉబ్బు ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది? సొంత చుట్టాల్లో ఎన్నడూ కట్టని వేషం. కిర్రు మాత్రం లేదు. బూట్లు రెండూ తాడుతో కట్టి మెడలో దండలా వేసుకున్నాడు. ఇదేమిటి మావా అని ఎవరో అడిగితే, ఇంత మంచి బూట్లు మట్టిలో నడవడానికేటి అని గర్వంగా చెప్పాడు. జనం పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం అప్పుడు అరుగు మీద పీచు గుర్తుకొచ్చింది. పొద్దున్నే అక్కడ కూర్చుని, ఆ బూట్లలో కాళ్ళు పట్టించడానికి పీచంతా పీకి పారేసినవాడు అతనే. అయినా పట్టలేదు.

నేరుగా గంప దగ్గరకు వచ్చాడు. ఒక చుట్టు తిరిగి, పిల్లని కిందికీ మీదికీ చూసి, దారి మధ్యలో మెల్లగా కూర్చుని వీపు తిప్పి గొడుగు పట్టుకున్నాడు.

"నాను మొయ్యను. నన్నడక్కుండా నా మేనగోడల్ని ఇంత పెద్దదాన్ని ఎవులు సేసినారు?"

ఆ నవ్వులకు షామియానా గుంజలు కదిలాయని ఇప్పటికీ చెబుతాను. ఆ పూట కాస్త గాలి కూడా ఉందిలెండి. మగపెళ్ళివారిలో అందాకా బిగుసుకుని కూర్చున్న ముసలివాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. నా కూతురు అతన్ని లేవదీయడానికి గంపలోంచి చెయ్యి చాచి, "నెగు మావా" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. "నెగు మావా, నాను నడిసొచ్చీనా పోనీ" అంది మళ్ళీ, ఈసారి గొంతు కొంచెం వేరుగా ఉంది. దానికి తెలుసో తెలియదో నేను ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

అప్పుడు అత్త వచ్చింది. అంటే డొంకూరు జాలరి, ఎర్రచీర దోపుకుని, బుగ్గల నిండా కుంకుమతో. "ఈ ముసిలోడు అలక దిగేసరికి గుంట కూడా ముసిలిదైపోద్ది, నానే మోత్తాను ఎల్లండి" అని గంప ఒక పక్క పట్టుకున్నాడు. ఒక్కడే ఎత్తగలడేమో గానీ, గంప వెడల్పు, ఒరిగిపోతోంది. రెండో పక్క ఎవరు అని నేను ముందుకు వెళ్ళబోతుంటే, నాకంటే ముందు మా వియ్యంకుడు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి, పట్టుపంచె ఎగ్గట్టి వచ్చి గంప అందుకున్నాడు. పెళ్ళికొడుకు తండ్రి పెళ్ళికూతురి గంప మోయడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఒక పక్క కండల అత్త, ఒక పక్క పట్టుపంచె మావగారు, మధ్యలో నా కూతురు. వాళ్ళ వైపు వాళ్ళంతా లేచి నిలబడి ఈలలు, చప్పట్లు. ముహూర్తం దాటలేదు. తాళి పడింది.

అక్షింతలు వేస్తున్నంతసేపూ మా బావమరిది అదే చోట, అదే వీపుతో కూర్చుని ఉన్నాడు. దండాలు పెట్టేవాళ్ళు పెడుతున్నారు, ఒళ్ళో లడ్లు పెట్టేవాళ్ళు పెడుతున్నారు. లేవడేమిటని అందరూ ముచ్చటపడ్డారు. అతను లేవలేకపోతున్నాడని నాకూ, మా ఆవిడకూ, జాలరికీ మాత్రమే తెలుసు. గొడుగు పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే దాన్ని కూడా ఆటలో కలిపి, కోపంతో వణుకుతున్నానని చెబుతున్నాడు. చివరికి జాలరి వచ్చి, నా మొగుణ్ణి నేను తీసుకుపోతాను, మీకు బతిమాలడం చేతకాదు అని ఒరియాలో ఏదో తిట్టి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని, పంక్తుల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. జనం దారి ఇచ్చి నవ్వుతున్నారు. అతని భుజం మీద నుంచి మా బావమరిది నా వైపు చూసి, ఆ ఎగుడుదిగుడు మీసం ఒకసారి ఎగరేశాడు. నేను ఏడవలేదు. వంట పొయ్యిల పొగ కళ్ళలో పడింది. పొయ్యిలు ఆవల పక్క ఉన్నాయి.

మరుసటి వర్షాకాలం చూడకుండానే పోయాడు. పెద్దకర్మ రోజు వాళ్ళ ఊరికి మా వియ్యంకుడు కూడా వచ్చాడు. పిల్ల కాపురం బాగుంది, ఇక దాచేదేమీ లేదు, కానీ ఆయన మొహం ఎలా చూడాలో తెలియక నేను పనులు కల్పించుకుని తిరిగాను. భోజనాలయ్యాక తోటలో నన్ను పట్టుకున్నాడు. నేను నోరు తెరవకముందే తనే మొదలుపెట్టాడు.

"బావగారూ, ఆయన కాళ్ళు ఆ రోజే సూసినాను. మా తమ్ముడు సోంపేట పక్క ఇల్లరికం ఎల్లినాడు, ఆడికీ ఆకర్న అలాగే ఉండీవి, మా ఇంట్లో ఎవులికీ సెప్పనేదు. గంపకి నాను సెయ్యేత్తే, మావోలందరూ నన్నే సూత్తారు గానీ ఆయన కాళ్ళకేసి సూడరనుకున్నాను."

అంతే అన్నాడు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా తమ్ముడి సంగతి ఆయన దాచుకున్నాడు, బావమరిది సంగతి నేను దాచుకున్నాను, ఇద్దరి మధ్యా మా పిల్ల గంపలో సుఖంగా కూర్చుని దాటిపోయింది. ఆ రోజు ఆ పందిట్లో బాగా వేషం కట్టింది ఎవరని ఇప్పుడు అడిగితే, మా బావమరిదికి కోపం వచ్చినా సరే, నేను వెంటనే జవాబు చెప్పలేను.

డొంకూరు జాలరి తర్వాత ఒంటరిగా వేషం కట్టలేదు. మొగుడు లేకుండా ఎవణ్ణి తిడతాను అన్నాడు. ఆ చీర నా కొట్లో వదిలేసి, గుజరాత్ వైపు బోట్ల మీద పనికి వెళ్ళిపోయాడు. నేనూ కొన్నేళ్ళకు కొట్టు ఎత్తేశాను. ఫంక్షన్ హాళ్ళు వచ్చాయి, వాటికి పైకప్పు ఉంది, చిరుగు లేదు. ఉద్దానంలో ఇప్పుడు మంచినీళ్ళ కుళాయిలు పెట్టారు, పలాసలోనే ఆసుపత్రి వచ్చింది, రక్తం శుద్ధి చేయించుకోవడానికి విశాఖపట్నం రైలు ఎక్కనక్కర్లేదు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. అప్పుడే ఉండి ఉంటే అని మా ఆవిడ అంటుంది, నేను విననట్టు ఉంటాను.

పెళ్ళిళ్ళు ఇప్పుడు సాఫీగా జరిగిపోతున్నాయి. ఎవరూ అలగడం లేదు. పూటకు వచ్చి, ఫొటో దిగి, తిని, కారెక్కి వెళ్ళిపోయేవాళ్ళకు అలగడానికి తీరిక ఎక్కడిది? వీపు తిప్పి కూర్చుంటే ఎవరైనా వస్తారన్న నమ్మకం మాత్రం ఎక్కడిది? ఒకప్పుడు ఆ అలకలకు విసిగిపోయి, వాటిని తప్పించడానికి మనిషిని పెట్టుకున్నవాళ్ళం. అలిగినవాడు నన్ను బతిమాలండి అని అడుగుతున్నాడని, బతిమాలేవాళ్ళు నువ్వు లేకపోతే మాకు జరగదు అని చెబుతున్నారని, ఆ పనిలో అంతకాలం ఉండి కూడా నేను ఆలోచించలేదు.

ఒక సంగతి మా ఆవిడకు చెప్పలేదు, మీకు చెబుతాను. మొన్న ఆ హాల్లో బయలుదేరే ముందు, దారి పక్కన ఒక కుర్చీ లాక్కుని, వేదికకు వీపు తిప్పి, మోకాళ్ళ మధ్య కర్ర పెట్టుకుని కూర్చున్నాను. ఊరికే. జనం పక్కనుంచి పోతున్నారు, వస్తున్నారు. కాళ్ళు కాస్త లోపలికి పెట్టుకోమని ఒకమ్మాయి అంది. ఇంతలో ఆ ఎలుగుబంటి తల తగిలించుకుని అటుగా వచ్చింది. నన్ను చూసి ఆగింది. ఏమనుకుందో ఏమో, నా ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించింది. మాట్లాడకూడదు కదా. నెగనన్నాను. మళ్ళీ జోడించింది. నెగనన్నాను. మూడోసారి కూడా జోడించిందని రాద్దామనుకున్నాను గానీ, లేదు. వేదిక వైపు నుంచి ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. కాసేపు చూశాను. తర్వాత నా అంతట నేనే లేచి, కర్ర అందుకుని, పలాస బస్సుకి నడిచాను.